కంచెకు నాటిన ఆకు

మా తోట చూడడానికి వచ్చేవాళ్ళు గేటు దగ్గరే నన్ను ఆపి ఒకటే అడుగుతారు: ఏ ఆకమ్మా? మునగ వైపు చూడరు, ఉసిరి వైపు చూడరు. నా జవాబు కూడా ఒకటే. ఏ ఆకూ కాదు. నాకు క్షయ వచ్చింది. తొంభై సూదులు, ఏడాదిన్నర మాత్రలు నన్ను బతికించాయి. ఈ తోట నాకు కూర పెట్టింది, పండు పెట్టింది, మంచం దిగి నడవడానికి ఒక పని పెట్టింది. మందు మాత్రం పెట్టలేదు. ఈ మాట విని మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. పోనీ. ఒకప్పుడు ఇదే మాట చెప్పకుండా నోరు మూసుకుని కూర్చున్నాను. దానికి నేను పడింది చాలు.

క్షయ అన్న పేరు వింటేనే మనిషిని గడప అవతల నిలబెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ గడప అవతల ఉన్నవాళ్ళు చదవాలని ఇది రాస్తున్నాను. నా మనసు కుదుటపడడానికి కూడా.

డెబ్భై తొమ్మిది, ఎండాకాలం

పాకాలకు మూడు మైళ్ళ దూరంలో మా ఊరు. మహిళా మండలిలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పడం నా ఉద్యోగం. ఊరంతా టీచరమ్మా అనేవాళ్ళు. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంట్లో మా అత్త, సంబంధాలు చూస్తున్న ఆడబిడ్డ పద్మ, ఆరేళ్ళ నా కూతురు.

దగ్గు ఉగాదికి ముందే మొదలైంది. గుడ్డల నూగు వల్ల అనుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు కాగేది. ఎండ వల్ల అనుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు అంతు ఉండదు. నాకు నిజం చెప్పింది నా రవిక. రెండు నెలల్లో మూడుసార్లు పక్క కుట్లు లోపలికి వేసుకున్నాను. ఊరందరి కొలతలు తీసేదాన్ని, నా ఒంటికి టేపు చుట్టుకోవడానికి భయపడ్డాను. ఒకరోజు తెగించి చుట్టాను. నాలుగు అంగుళాలు తగ్గింది. ఆ వారమే ఉమ్మిలో ఎర్ర చార కనిపించింది.

ప్యాసింజరు రైల్లో తిరుపతికి వెళ్ళాం. పెద్దాసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళలో సగం మందివి కొత్త గుండ్లే. కొండెక్కి మొక్కు తీర్చుకుని, దిగివచ్చి ఎక్స్‌రే కోసం కూర్చున్నవాళ్ళు. అక్కడ దగ్గు వస్తే అందరూ కొంగులో, తువ్వాలులో కుక్కుకునేవాళ్ళు, దొంగతనం బయటపడుతుందన్నట్టు. నేనూ అదే చేశాను. పక్కన ఒక ముసలాయన, పుత్తూరు వైపు మనిషి, నా అవస్థ చూసి అన్నాడు: "దగ్గేసెయ్ తల్లీ. ఈడ దగ్గకపోతే ఇంగ యాడ దగ్గుతావు?" నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ, ఏడుస్తూ, కడుపారా దగ్గాను. ఆయన పక్కకు జరగలేదు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

లోపల డాక్టరు చిన్నవాడు, చాలా అలిసిపోయి ఉన్నాడు. క్షయ అన్నాడు. తగ్గుతుంది అని కూడా అన్నాడు. మందు మానితే ప్రాణానికి ముప్పు, తిండి మానినా ముప్పే, పథ్యం గిథ్యం పెట్టుకోవద్దు, గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూర, ఏది దొరికితే అది తినమని చెప్పి తరువాతి మనిషిని పిలిచాడు.

తిరుగు రైలు చంద్రగిరిలో ఆగింది. మా ఆయన కిటికీలోంచి జామకాయలు కొన్నాడు. నేను ఒకటి సగం కొరికి ఇక తినలేక పెట్టేస్తే, ఆ సగం తీసుకుని తను తినేశాడు. వద్దు, అంటుకుంటుంది అన్నాను. నోరు మూసుకో అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో అన్న మాటల్లో అంత మంచి మాట ఇంకోటి లేదు.

ఇంట్లో మాత్రం అత్త గుండె పగిలింది. ఆమెను నేను ఇప్పుడు తప్పుపట్టను. క్షయ ఉన్న ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? ఆమె ఆ మాట ఒక్కసారే అంది, తలుపు మూసి: "ఆ పేరు ఈ ఇంట్లో ఎవురూ పలకద్దు. అడిగినోళ్ళకి, ఆడోళ్ళ జబ్బు, పసరు తాగుతాండాదని చెప్తాము." నా కంచం వేరు, నా చెంబు వేరు, నా మంచం బయట పందిరి కిందికి. నా కూతురు గడపలో నిలబడి పలక చూపించేది. దగ్గరికి రాబోతే అత్త రెక్క పట్టుకుని లాగేది. కోపంతో కాలిపోయాను. అయినా ఆ అబద్ధానికి ఒప్పుకున్నాను. పద్మ కోసం అని చెప్పుకున్నాను. నా పరువు కోసం కూడా.

అదే ఏడు, వానలప్పుడు

పాకాల దవాఖానాలో సూదులు వేసే నర్సు గ్రేసమ్మ. మా ఆయన సైకిల్ వెనక కూర్చుని రోజు విడిచి రోజు పోయేదాన్ని. తెలిసినవాళ్ళు ఎదురైతే ఒంటికి నెత్తురు పట్టడానికి సూది అని చెప్పేదాన్ని. మాత్రలు కుట్టుమిషన్ సొరుగులో గుండీల డబ్బాలో దాచేదాన్ని. రెండు తుంట్లూ గడ్డలు కట్టి, ఏ పక్కకు తిరిగి పడుకున్నా రాళ్ళ మీద పడుకున్నట్టే ఉండేది. గ్రేసమ్మ ఒక్కరోజు కూడా అయ్యో పాపం అనలేదు. సూది తీసి, దూదితో రుద్ది, ఇన్ని అయినాయి, ఇంకా ఇన్ని ఉన్నాయి అని చెప్పి పంపేది. ఆ లెక్కే నాకు ధైర్యం.

మంచం మీద పడుకున్న మనిషికి కోపానికి మించిన తోడు లేదు. అన్నీ తినమన్నాడు డాక్టరు. ఏం తినాలి? చైత్ర వైశాఖాల్లో మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ పచ్చటి ఆకు కనపడదు. నాకే కాదు, ఏ పిల్లకూ దొరకదు. మహిళా మండలికి కుట్టు షెడ్డు కోసమని గుట్ట కింద ఎకరన్నర రాళ్ళ నేల ఇచ్చి ఐదేళ్ళయింది. షెడ్డు రాలేదు. ఆ నేల అట్లాగే పడి ఉంది. చచ్చేలోపల దాని నిండా తిండి మొలిపిస్తాను అని పంతం పట్టాను. చావు రాదని డాక్టరు చెప్పినా, అప్పుడు నేను నమ్మలేదు.

రవికలు కత్తిరించడానికి వాడే ముదురు రంగు కాగితాలు నాలుగు అతికించి, మంచం మీదే తోట గీశాను. కుట్టు కోసం వచ్చిన ప్రతి మనిషినీ అడిగాను: మీ ఇంట్లో కూర లేని నెల ఏది? అది ఒక పక్కన రాసుకున్నాను. గుడ్డ కత్తిరించేవాళ్ళకు ఒక బుద్ధి ఉంటుంది, మూల వృథా కాకూడదు. పెద్ద చెట్టు కింద చిన్న చెట్టు, దాని కింద పొద, మొదలు చుట్టూ ఆకుకూర, మాను మీదికి తీగ, మన్ను లోపల దుంప. ఏడాదిలో ఏ నెల వచ్చినా కోసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. స్కేలు పెట్టి సాళ్ళు తీసి, ఎంతో ముచ్చటపడ్డాను.

దాన్ని చెంగమ్మ చూసి పడీపడీ నవ్వింది. చెంగమ్మ మేకలు మేపుకునే మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్నది, మొగుడు లేడు. నేను మంచాన పడ్డాక రోజూ వచ్చి పక్కన కూర్చునేది ఆమె ఒక్కతే. అడివిలో సాళ్ళు ఎవరు తీశారని అడిగింది. నా కాగితంలో వాన నీళ్ళు ఎటు పోతాయో లేదంది. గుట్ట మీద గడ్డి ఏ మూల ఆఖరిదాకా పచ్చగా ఉంటుందో తన మేకలకు తెలుసు, నాకు తెలియదంది. కోపం వచ్చింది. మరుసటి రోజు ఆమె మేకలను ఆ నేల మీద తిప్పి, అవి ఆగిన చోట్లు నాకు వచ్చి చెప్పింది. సాళ్ళన్నీ కొట్టేశాను. పల్లంలో నేరేడు, చింత, బొప్పాయి, వాటి నీడన కంద, పసుపు, పొన్నగంటి. మిట్టన ఎండకు ఓర్చే సీతాఫలం, ఉసిరి. మధ్యలో మునగ, అవిసె, కరివేపాకు, వాటి మీదికి దొండ, చిక్కుడు, బచ్చలి. ఇద్దరం ఒకే కాగితం మీద తలలు ఆనించి గీశాం. నేను దగ్గుతూనే ఉన్నాను. ఆమెకు నా జబ్బు పేరు తెలియదు.

కంచె మాట కూడా ఆమే చెప్పింది. ఈ తోటకు మొదటి శత్రువులు నా మేకలే, అవి మూతి పెట్టని ఆకు అడ్డసరం, దాని కొమ్మలు చుట్టూ పాతుదాం అంది. అంతే. అడ్డసరం మా తోటలోకి వచ్చింది మేకలు తినవని, ఇంకెందుకూ కాదు.

ఎనభై ఒకటి

ఎనభైలో, వానలకు నాటాం. పదిహేను మంది ఆడవాళ్ళం, వంతులవారీగా బావి నుంచి నీళ్ళు మోశాం. ఆ వారం ఎవరు మోస్తే వాళ్ళు కోసుకోవాలి, అదే పద్ధతి. మరుసటి ఏడుకు అవిసె, మునగ, బొప్పాయి అందుకున్నాయి. నా మందులు అయిపోయాయి. ఒళ్ళు వచ్చింది, రవిక కుట్లు విప్పాను. నా కూతురు నా పక్కలో పడుకుంది. ఆ మొదటి రోజు దాని నెత్తి మీది నూనె వాసన పీల్చుకుంటూ ఎంతసేపు ఉన్నానో.

ఊరు అడగడం మొదలుపెట్టింది. పసరు తాగి తగ్గిందంటున్నారే, ఏ పసరు? మా అత్త ఒకరోజు ఏం చెప్పాలో తోచక, చెయ్యి ఎటు పోతే అటు చూపించింది. చెయ్యి కంచె వైపు పోయింది. నా దగ్గు ఊరంతా విన్నదే, దగ్గుకు అడ్డసరం మంచిదనీ అందరూ వినే ఉన్నారు, ఇట్టే నమ్మారు. రెండు నెలల్లో చిత్తూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. పంచాయతీ ప్రెసిడెంటు 'ఆరోగ్య వనం' అని బోర్డు రాయించాడు, బోరు వేయిస్తానన్నాడు. నా మెడలో దండ వేశాడు. నేను ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే బాగానే ఉండింది. క్షయ మనిషిగా గడప అవతల ఉండడం కంటే పసరు మనిషిగా దండ వేయించుకోవడం ఎవరికి చేదు?

అసలు ముప్పు పథ్యంలో ఉండింది. పసరు తాగితే ఉప్పు వద్దు, పులుపు వద్దు, నూనె వద్దు అంటారు మావాళ్ళు. మునగాకు వేడి, బొప్పాయి వేడి, చింతచిగురు పులుపు, కంద దురద. తోటలో పండిన ప్రతిదీ పథ్యానికి పనికిరానిదే. జనం వచ్చి కంచె ఆకు తుంచుకుని, లోపల వేలాడుతున్న కాయలను కన్నెత్తి చూడకుండా, ఇంటికి పోయి చప్పిడి జావ తాగేవాళ్ళు. తినడానికని వేసిన తోట జనానికి తిండి మాన్పించింది. అప్పట్లో నాకది నవ్వులాటగా ఉండింది. సిగ్గులేని నవ్వు.

ఎనభై రెండు, ఎండాకాలం

గంగమ్మ జాతరకు కొత్త రవిక కుట్టమని చెంగమ్మ వచ్చింది. కొన్ని వారాలుగా తన వంతు నీళ్ళకు రావడం లేదు, మేకలు ఈనాయని చెప్పి పంపేది. టేపు చుట్టాను. టేపు కింద పక్కటెముకలు తగిలాయి. పాత కొలత పుస్తకంలో ఉంది, చూడాల్సిన పని లేకపోయింది. దగ్గుకని పసరు మొదలుపెట్టి ఇది మూడో మండలమట. పొద్దునా సాయంత్రం అడ్డసరం కషాయం, ఉప్పు లేని రాగి జావ. నాలుగు నెలల నుంచి అంతే.

నా నుంచే వచ్చిందేమో. నా మంచం పక్కన, నా దగ్గు మీద, ఒకే కాగితం మీద తల ఆనించి కూర్చుంది కదా. పేరు చెప్పి ఉంటే కాస్త దూరంగా కూర్చునేది. ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం అంటుంది గ్రేసమ్మ. నాకు ఆ ఊరట అక్కరలేదు.

మిషన్ పక్కకు నెట్టి, అంతా చెప్పేశాను. క్షయ, సూదులు, మాత్రలు, అత్త చెయ్యి చూపించడం, అన్నీ. చెంగమ్మ నిదానంగా విని, తల అడ్డంగా తిప్పింది.

"నువ్వు క్షయ మనిషివైతే నాకు చెప్పకుండా ఉంటావా అక్కా? పక్కపక్కన కూసోని తోట గీసినామే. నా పత్తెం చెడగొట్టేదానికి ఎవురో నీకు నూరిపోసినారు."

నేను అంత పని చేసి ఉండనని ఆమెకు నా మీద నమ్మకం. ఆ నమ్మకమే ఆమెను చంపబోతోంది.

ఒక్కరి చెవిలో చెబితే లాభం లేదని తెలిసిపోయింది. ఊరంతా చెబుతున్నదానికి ఎదురుగా ఊరంతా వినేట్టు చెప్పాలి. మా ఆయనతో అన్నాను. చెప్పెయ్, పద్మకు నేను చెబుతాను అన్నాడు. పద్మకు నిశ్చితార్థం ఇంకా మూడు వారాలే ఉంది. అత్త నా కాళ్ళు పట్టుకోబోయింది. ఆ నెల దాటనివ్వమంది. చెంగమ్మను చూసినదాన్ని, ఆమెకు నెల లేదని నాకు అనిపించింది.

ఆదివారం పొద్దున కంచె దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. ప్రెసిడెంటు ఎవరో పెద్దమనిషికి బోర్డు చూపిస్తున్నాడు. నేను కొడవలి తీసుకుని వెళ్ళి కంచె నరకడం మొదలుపెట్టాను. ఎవరూ ఆపలేదు, పిచ్చి పట్టిందనుకున్నారు. పది అడుగులు నరికాక నిలబడి, దొరికినంత గొంతుతో చెప్పాను: "ఇది కంచె. మేకలు రాకుండా పాతినాము. నాకొచ్చింది క్షయ. తగ్గించింది సూదులు, పాకాల దవాఖానాలో. ఈ ఆకుతో కాదు. పత్తెం పేరు చెప్పి కడుపు మాడ్చుకుంటే చచ్చిపోతారు." అత్త అక్కడే మట్టిలో కూలబడింది. టీచరమ్మకు ఎండదెబ్బ తగిలింది, మంచినీళ్ళు ఇవ్వండి అన్నాడు ప్రెసిడెంటు. నాకు ఎండదెబ్బ తగల్లేదు. జీవితంలో అంత నిలకడగా నేను ఎన్నడూ నిలబడలేదు.

చెంగమ్మ గుంపు వెనక ఉంది. మొహం రాయి మాదిరి ఉంది. నేరుగా వచ్చి నా చెయ్యి పట్టుకుని తోట లోపలికి, మునగ చెట్ల చాటుకు లాక్కుపోయింది. సూదులు చూపించు అంది. సూది పోట్లు కనపడతాయా? చీర వదులు చేసి, ఆమె చెయ్యి తీసి నా తుంటి మీద పెట్టాను. మేక ఒళ్ళు తడిమి రోగం చెప్పే చెయ్యి అది. ఒక పక్క తడిమింది, రెండో పక్క తడిమింది. చర్మం కింద గడ్డలు ఆమె వేళ్ళకు ఒక్కొక్కటిగా తగిలాయి.

"ఎన్ని?" అంది.

"తొంభై."

వీపు మీద ఒక్క చరుపు చరిచింది, కళ్ళు బైర్లు కమ్మేట్టు. తరువాత అక్కడే కూర్చుని ఏడ్చింది. "ఇన్నీ ఒంటిగా ఏపించుకున్నావా? నేను సచ్చినాననుకున్నావా?"

నేను మోసం చేశానని ఆమె ఆ రోజూ అనలేదు, తరువాతా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

నరికిన చోటు నుంచి ఎవరివో మేకలు దూరి, ముళ్ళ కంప అడ్డం పెట్టేలోపల ఆకుకూరలన్నీ నాకేశాయి. బోరు రాలేదు, ఇప్పటికీ నీళ్ళు మోస్తూనే ఉన్నాం. పద్మ సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల నాతో ఏడాది మాట్లాడలేదు, అది ఆమె హక్కు. తరువాత రేణిగుంటలో ఒకతను అంతా తెలిసే చేసుకున్నాడు. చెంగమ్మకు తగ్గిందా అని ఆత్రపడేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను, తగ్గింది. బొప్పాయి, మునగాకు, గుడ్లు మింగుతూ, నన్ను తిడుతూ కోలుకుంది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆమె మొదటి సూది రోజు గురించి. పక్క దారిన పోదాం అన్నాను. వినలేదు. నడివీధిన బయలుదేరింది, వెనక నేను. పొద్దున పూట ఆడవాళ్ళందరూ వాకిళ్ళలోనే ఉన్నారు. యాడికి చెంగమ్మా అని ఎవరు అడిగినా ఒకటే జవాబు, వీధి చివరిదాకా వినపడేట్టు: "క్షయకు సూది ఏపించుకునేదానికి." చీపుళ్ళు ఆగిపోయాయి. ఒకామె బిడ్డను లోపలికి లాక్కుంది. చెంగమ్మ ఆమె వాకిట్లో కావాలని ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నడిచింది.

చివరి ఇంటి గడపలో రెడ్డెమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా ఆరు వారాలుగా కంచె ఆకు తీసుకుపోతున్న మనిషే. చెంగమ్మను ఏమీ అడగలేదు, నన్ను అడిగింది, చాలా మెల్లగా:

"టీచరమ్మా, ఆ సూది నొప్పిగా ఉంటాదా?"

"ఉంటాది," అన్నాను. "చానా నొప్పి."

రెడ్డెమ్మ లోపలికి పోయి కొంగు సరిచేసుకుని వచ్చి, తలుపుకు గొళ్ళెం పెట్టి, మాతోపాటు పాకాల దారి పట్టింది.